నష్టాల గడి

"బడి వారానికి ఐదు రోజులు ఉంటే వచ్చే లాభాలు, నష్టాలు రాసి, ఈ సాయంత్రం ఐదు లోపు మండల కేంద్రంలో ఇవ్వవలెను. శనివారం సెలవు ఇవ్వాలని ఆలోచన."

ఆ కాగితాన్ని భద్రాచలంలో ప్రింటు తీయించి తెచ్చాడు కోటేష్. చదివి పెదవి విరిచింది భార్గవి.

"వంటగది గోడ కూలిందని రెండేండ్ల కింద రాసినం. దానికి జవాబు లేదు. ఇప్పుడు మాత్రం సాయంత్రం దాటితే ఆగలేరట."

దుమ్ముగూడెం రోడ్డు దిగి అడవిలోకి ఆరు కిలోమీటర్లు పోతే వచ్చే గూడెం అది. రెండు గదుల ప్రైమరీ బడి, ముప్పై ఒక్కమంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. భార్గవి ఇన్‌చార్జి హెడ్మాస్టర్. వాళ్ళ నాన్న పాల్వంచ థర్మల్‌లో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. కోటేష్ కల్లూరు వైపు తండా నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. భద్రాచలంలో కిరాయి గది.

ఆ రోజు శుక్రవారం, సంత రోజు. బడిలో ఒక్క పిల్లవాడూ లేడు. ప్రతి శుక్రవారమూ అంతే. తెల్లవారుతూనే గూడెమంతా చీపుర్లు, చింతపండు మూటలతో ఆటోలెక్కి మండల కేంద్రంలో సంతకు పోతుంది. పిల్లలూ పోతారు. భోజనం వండే సారక్క కూడా పోతుంది.

"పిల్లల్లేని బడిల ఏం చదువు చెప్పుకుంటరు సారు?" అని పొద్దున పోతూ పోతూ అడిగిందామె.

"రికార్డులు రాస్తం సారక్కా."

"అవ్. రాయుండ్రి రాయుండ్రి," అంటూ నవ్వి ఆటో ఎక్కింది.

మొదట్లో నిజంగా రికార్డులే రాశారు. ఆ తర్వాత రికార్డులు పదకొండున్నరకే అయిపోవడం మొదలైంది. మాటలు మాత్రం నాలుగైనా అయ్యేవి కావు.

లాభాల గడిని కోటేష్ ముందే నింపాడు. ఉపాధ్యాయులకు విశ్రాంతి, కుటుంబంతో గడిపే సమయం అని.

"ఏ కుటుంబం సార్? మీ గదిల నాలుగు గోడలా?"

అన్న తర్వాత నాలుక కరుచుకుంది. కోటేష్ వాళ్ళమ్మ రూప్లి పోయిన వానాకాలంలో చనిపోయింది. అది భార్గవికి తెలుసు.

"అవ్ మేడమ్, గోడలే," అన్నాడతను కాగితం వైపే చూస్తూ. "ఆదివారం ఒక్కటే ఎట్లనో గడుస్తది. రెండంటే కష్టం. ఊరికే రాసిన. కొట్టెయ్యుండ్రి."

ఆమె ఆ మాట కొట్టేసింది. కాసేపటికి తన డబ్బా మూత తీసి, రొట్టెలు అతని వైపు జరిపింది.

తిన్నాక ఆమే మొదలుపెట్టింది.

"శనివారం సెలవు ఇస్తే ఏమైతది? సంతకు పోవుడు ఎట్లాగూ మానరు. అంటే మన పిల్లలకు నాలుగు రోజులే బడి. శనివారం కాదు, సంత రోజే సెలవు ఇయ్యుండ్రని రాద్దాం. ముప్పై ఒక్కమందికి ఆబ్సెంట్ తప్పుతది."

కోటేష్ ముఖం మారింది.

"అట్ల వద్దు మేడమ్."

"ఎందుకు?"

"నష్టాలున్నయ్."

"అయితే రాయుండ్రి. కారణం మంచిగుంటే నేనే ఆగుత."

అతను రాశాడు. శుక్రవారం పిల్లల చదువు దెబ్బతింటుంది.

"లేని పిల్లల చదువా?" ఎర్ర పెన్నుతో కొట్టేసింది.

రెండోది రాశాడు. పిల్లలు ఒక పూట భోజనం కోల్పోతారు.

"పొయ్యే వెలగని రోజు ఏం భోజనం? ఇయ్యాల మీరు తిన్నది ఎవరి డబ్బాల?" అదీ కొట్టేసింది.

మూడోది. రికార్డుల నిర్వహణకు ఇబ్బంది.

"సార్, మూడో తరగతి పిల్లలు కూడా ఇంతకంటే మంచిగ అబద్ధమాడుతరు. డీఎస్సీల ఎట్ల ర్యాంకు కొట్టిన్రు మీరు?"

బయట టేకాకుల మీద చినుకులు మొదలయ్యాయి. మూడున్నర దాటింది. ఆమె సంతకం పెట్టడానికి నల్ల పెన్ను తీసుకుంది. ఆ సంతకం పడి, పైన ఒప్పుకుంటే, వచ్చే నెల నుంచి శుక్రవారాలు ఉండవు. మిగతా రోజుల్లో ముప్పై ఒక్కమంది మధ్య గుణింతాలు తప్ప ఇంకో మాటకు తావుండదు.

"ఒక్క నిమిషం," అని కాగితం లాక్కున్నాడు కోటేష్. తల ఎత్తకుండా రాసి తిరిగి ఇచ్చాడు.

'4. శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో ఇన్‌చార్జి హెడ్మాస్టర్ గారితో మాట్లాడే వీలు ఈ ఉపాధ్యాయుడికి లేదు. వేరే చోట మాట్లాడే ధైర్యమూ లేదు.'

భార్గవి ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. ఎర్ర పెన్ను ఎత్తింది కానీ కాగితం మీద పెట్టలేదు.

"ఇది గవర్నమెంటు కాగితం సార్."

"అవ్."

"దీని మీద నేను సంతకం పెట్టాలె."

"కారణం రాయమన్నది మీరే కదా మేడమ్."

భార్గవి ఎర్ర పెన్నుకు మూత పెట్టింది.

"ఇదొక్కటే నిజం రాసిన్రు," అంది చివరికి. "అయినా, మన ముచ్చట్ల కోసం పిల్లలకు ఆబ్సెంట్లు వేసుకుంట కూసుందామా?"

కోటేష్ బల్ల మీది హాజరు పట్టీ వైపు చూశాడు.

"వద్దు మేడమ్. మీరన్నదే కరెక్టు. కొట్టెయ్యుండ్రి."

ఆమె కొట్టలేదు. అలమారలోంచి తెల్లకాగితం తీసి, సంత రోజు సెలవు సంగతి నాలుగు వాక్యాల్లో శుభ్రంగా రాసి సంతకం పెట్టింది. అతను రాసిన కాగితాన్ని మడిచి తన పర్సులో పెట్టుకుంది.

బడికి తాళం వేసి, మండల కేంద్రంలో ఆ కాగితం ఇవ్వడానికి మొదటిసారి అతని బండి ఎక్కింది. సిగ్నల్ దొరికే కల్వర్టు దగ్గర ఆపమంది. ఫోను తీసి వాళ్ళ నాన్న మోతీలాల్‌తో తండా లంబాడీ మాటల్లో మాట్లాడింది. కోటేష్‌దీ అదే భాష. అతనికి వినపడాలనే గట్టిగా మాట్లాడింది.

"బాపూ, వచ్చే శుక్రవారం నీకు డ్యూటీ లేకుంటే సంతకు రా... ఒకాయనను చూపిస్త... అవ్, టీచరే... మంచోడే గానీ, తెలివి ఉందని చెప్పలేను. ఒక్క నిజం రాయనీకి మూడు అబద్ధాలు ఖర్చు చేసిండు."