పరదా అవతల హెవీ మెటల్

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, మామిడికాయల లారీలు విజయవాడ దారి పట్టిన రోజుల్లో, జానీబాషా తిరువూరులో మైకుసెట్టు షాపు తెరిచాడు. లారీల ఖాదర్‌బాషా ఇంటి ముందుగది అద్దెకు దొరికింది. గదికీ ఇంటికీ మధ్య తలుపు లేదు. పచ్చటి పరదా ఒక్కటే ఉంది.

మొదటిరోజే కొత్త ఆంప్లిఫయరు ఎలా ఉందో చూద్దామని డీప్ పర్పుల్ అనే ఇంగ్లీషు బ్యాండు రికార్డు పెట్టాడు. మద్రాసు ఓడరేవులో పనిచేసే పెదనాన్న కొడుకు ఇచ్చిన రికార్డు. ఊళ్ళో ఇంకెవరి దగ్గరా లేదని అతనికి గొప్ప.

పరదా వెనక నుంచి ఓ ఆడగొంతు వినబడింది.

"ఏమండీ, ఆయన్నెవరైనా తరుముతున్నారా?"

"ఎవర్నండీ?"

"ఆ గిటారాయన్ని. ఎందుకంత పరుగు?"

జానీబాషాకు చురుక్కుమంది. "ఇది ఇంగ్లీషు పాటండీ. మీకు అర్థం కాదు."

"డీప్ పర్పుల్ అని నాకూ తెలుసులెండి. హెవీ అంటే బ్లాక్ సబ్బాత్. ఉందా మీ దగ్గర?"

పరదా కొంచెం పక్కకు జరిగింది. నల్లటి కళ్ళు, వాటి కింద అలసట, పెదవుల మీద మాత్రం గెలిచినవాళ్ళ నవ్వు. రికార్డు అయిపోయినా అతను ముల్లు ఎత్తలేదు.

ఆమె రోషన్ బీ, ఖాదర్‌బాషాకు ఒక్కతే కూతురు. గుంటూరులో డిగ్రీ చదువుతుండగా క్షయ పట్టుకుంది. చదువు మాని ఏడాదిపాటు శానిటోరియంలో ఉండి వచ్చింది. అక్కడ పక్క మంచం ఆంగ్లో ఇండియన్ పిల్ల దగ్గర రికార్డు ప్లేయరు ఉండేదట.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలన్నీ వాదనలే. రోషన్ బీ నాయనమ్మ ఇమాంబీ పరదా పక్కనే కూర్చుని తమలపాకులు దంచుకునేది. ఏ బ్యాండు గొప్పదో ఆమెకు అక్కర్లేదు. పరదా కదలకుండా ఉంటే చాలు.

"వీటన్నిటినీ కలిపి హెవీ మెటల్ అంటారండీ. పత్రికలో చదివాను," అన్నాడు జానీబాషా.

"అన్నిటికీ ఒకటే పేరెలా సరిపోతుంది? డీప్ పర్పుల్‌ది పరుగు మెటల్. లెడ్ జెప్లిన్‌ది కేక మెటల్. బ్లాక్ సబ్బాత్‌ది రోడ్డు రోలరు మెటల్. మెల్లగా వచ్చి మీద నుంచి పోవాలి. అదీ లెక్క."

"మరి యూరియా హీప్?"

"పెళ్ళి బ్యాండు."

"అన్యాయమండీ! పైన సన్నగా ఆ కోరసు ఎంత బాగుంటుంది!"

"ఏం కోరసు? నాకైతే వినపడలేదు."

"ఎందుకు వినపడుతుంది? మీది రోడ్డు రోలరు పార్టీ కదా!"

"ఏంటీ? గట్టిగా చెప్పండి, పరదా అడ్డం ఉంది."

అలా రోజుకోసారైనా గట్టిగా చెప్పమనేది. కావాలనే ఉడికిస్తోందనుకుని మురిసిపోయేవాడు. పొద్దున్నే తల దువ్వుకునేటప్పుడు కూడా ఆమెను ఏ రికార్డుతో ఓడించాలా అన్నదే ఆలోచన.

తొలకరి పడిన రోజు మద్రాసు నుంచి జూడాస్ ప్రీస్ట్ రికార్డు వచ్చింది. రేకుల మీద వాన దంచేస్తోంది. జానీబాషా ముల్లు పెట్టాడు. గొంతు ఆకాశాన్ని చీల్చుకుంటూ లేచింది. వెనకే రెండు గిటార్లు సన్నగా మెలికలు తిరుగుతున్నాయి.

"ఎలా ఉంది?"

"ముందు పెట్టండి మరి. ఎంతసేపు ఊరిస్తారు?"

అతను పకపకా నవ్వాడు. "ఆటపట్టించడంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరండీ!"

పరదా పక్కకు జరిగింది. రోషన్ బీ తిరుగుతున్న రికార్డు వంక చూసింది. వాకిట్లో నిలుస్తున్న వాననీళ్ళ వంక చూసింది. ముఖం పాలిపోయింది.

"పాడుతున్నాడా?"

జానీబాషా నవ్వు ఆగిపోయింది. తలూపాడు.

"శానిటోరియంలో సూదులు వేశారు. వాటితో చెవులు దెబ్బతింటాయి, ముందు సన్న చప్పుళ్ళు పోతాయన్నారు," అంది ఆమె. "పిట్టలు పోయాయి. గాజులు పోయాయి. లావు చప్పుళ్ళు మిగిలాయి. నాకు సబ్బాత్ ఇష్టమని కాదు జానీ గారూ. నాకు మిగిలింది అంతే."

ఇమాంబీ చేతిలో రోకలి ఆగింది.

"మళ్ళీ దగ్గు మొదలైంది. మళ్ళీ ఆ సూదులే వెయ్యాలంటున్నాడు డాక్టరు. ఈసారి ఏమీ మిగలదట. నేను వేయించుకోను."

"వేయించుకోకపోతే?"

ఆమె చూపు వాన వైపు తిప్పుకుంది. అతను రికార్డు ఆపేసి పరదా దగ్గరికి వచ్చాడు.

"వేయించుకోండి."

"మీరా ఆ మాట అనేది? చెవులు పోతే ఇంకెవరితో వాదిస్తారు? కొత్త రికార్డు ఎలా ఉందో మీకెవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పరు."

"మరి?"

"మీరుండండి. చాలు."

రోషన్ బీ విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత చాలా రోజులు పరదా కదల్లేదు. షాపులో పాటా మోగలేదు. పెళ్ళిళ్ళకు మైకు కట్టేసి వచ్చి, ఊరికే ఆ గుడ్డ వంక చూస్తూ కూర్చునేవాడు. తను ఆమెను ఒప్పించాలని చూసింది బతకడానికో, ఆ చీకటి నిశ్శబ్దంలోకి దిగడానికో అతనికే తెలియలేదు.

చివరికి ఖాదర్‌బాషా వచ్చి చెప్పాడు. "అమ్మాయి ఒప్పుకుంది. రేపు పొద్దున బస్సుకు శానిటోరియానికి తీసుకెళ్తున్నా."

బస్టాండులో బస్సు ఇంజను రొద పెడుతోంది. ఆమె కిటికీ పక్కన, తండ్రి ఆమె పక్కన. జానీబాషా కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"రోషన్! తిరిగొచ్చాక నిన్ను నేను చేసుకుంటా!"

"ఏంటి?"

"నిన్ను పెళ్ళి చేసుకుంటా!"

బస్సంతా తిరిగి చూసింది. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపాడు.

"ఇంజను మోతలో తెలియట్లేదు. ఏంటి?" అంది ఆమె, కళ్ళలో నీళ్ళతో.

ఖాదర్‌బాషా జానీబాషా వంక ఎగాదిగా చూశాడు. కూతురి తల దగ్గరికి లాక్కుని, చెవిలో నోరు పెట్టి అరిచాడు. "నిన్ను చేసుకుంటాడంటమ్మా! పెళ్ళి!"

ఆమె కిటికీలోంచి జానీబాషా వైపు వంగింది. "అప్పటికి నాకు నీ గొంతు ఉండదు. బస్సు కదిలేదాకా మాట్లాడు. ఏదైనా సరే, మాట్లాడు."

అతను మాట్లాడాడు. తెల్లారి తాగిన టీ గురించి, స్పీకరు పెట్టెలో దూరిన ఎలుక గురించి, నోటికొచ్చిందల్లా అరిచాడు. బస్సు కదిలాక పక్కనే పరిగెత్తుతూ, గొంతు బొంగురుపోయేదాకా అరిచాడు.

చలికాలంలో ఆమె తిరిగొచ్చింది. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. చెవులు పూర్తిగా పోయాయి.

దర్గాలో ఉర్సు ఉత్సవం ముగిశాక నిఖా జరిగింది. ఊరందరి పెళ్ళిళ్ళకూ మైకు కట్టే జానీబాషా తన పెళ్ళికి కట్టలేదు. పెళ్ళిపెద్దగా నిలిచిన వకీలు, సాక్షులు ఆడవాళ్ళ వైపు వెళ్ళి పెళ్ళికూతురి సమ్మతి అడిగారు. వాళ్ళ పెదవులు చూసి సంగతి గ్రహించింది రోషన్ బీ. తన గొంతు ఎంత గట్టిగా ఉందో ఆమెకు తెలియదు.

"ఖబూల్!"

ఆ కేక గోడలు దాటి వీధిలోకి వెళ్ళింది. సిగ్గుపడాల్సిన పెళ్ళికూతురు అలా అరిచేసరికి పందిరంతా గొల్లున నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక, తనూ నవ్వాలేమోనని ఆమె మెల్లగా నవ్వింది.

మగవాళ్ళ వైపు కూర్చున్న జానీబాషా నుదుటి మీంచి వేలాడే సెహరా పూలలో ముఖం దాచుకుని ఏడ్చాడు.