చిటికెన వేలి దగ్గర మాచిపత్రి పొగ

మానవ శరీరంలో అనాదిగా అన్యాయానికి గురైన అవయవం కాలి చిటికెన వేలు. గడపకు తగిలినప్పుడు తప్ప దాన్ని తలచుకున్నవారు లేరు. అట్టి వేలికి పంతొమ్మిది వందల డెబ్బై మూడు శ్రావణంలో, బాపట్లలో, సామ్రాజ్యం వంటింట్లో ఇడ్లీలు ఉడుకుతుండగా, పట్టాభిషేకం జరిగింది.

"కోడలి కడుపులో బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని డాక్టరమ్మ చెప్పిందిగా. చీనా వైద్యంలో దీనికి ఉపాయముంది" అని ప్రకటించాడు ఆమె భర్త వెంకటప్పయ్య. కలకత్తాలో ఓడల కంపెనీ గుమస్తాగా, ఒక చీనా వైద్యుడి కొట్టు పైగదిలో ఉద్యోగకాలమంతా గడిపి, ఆయన వెంట తెచ్చుకున్నవి పెన్షను, గొడుగు, ఆ శాస్త్రంపై అచంచల విశ్వాసం.

"ఒంట్లో చలువా వేడీ సమంగా ఉండాలే. ప్రాణశక్తి కాలవల్లో నీళ్లలా పారాలి. పూడిక పడిందా, జబ్బు. కంటి కొసన బయల్దేరిన కాలవ ఒకటి నడినెత్తి మీదుగా వీపు దిగి, చిటికెన వేలి గోరు పక్కన ఆగుతుంది. అక్కడ వెచ్చబెడితే బిడ్డ తిరుగుతుంది."

"ఇది వైద్యమా, కాలవల డిపార్టుమెంటా?" అంది సామ్రాజ్యం. అన్నదే గాని, కాన్పు కష్టమన్న డాక్టరమ్మ మాట ఆమె గుండెల్లో రాయిలా కూర్చుని ఉంది.

కొడుకు పూర్ణచంద్రరావు తెనాలి పూలబజారు నుంచి మాచిపత్రి తెచ్చాడు. ఎండబెట్టి, దూదిలా నలిపి, కాగితంలో చుట్టచుట్టి, వెలిగించి, వేలికి తగలకుండా దగ్గరగా పట్టుకోవాలి. మొదటి సాయంత్రం కొడుకే పట్టుకున్నాడు. పొగకు తుమ్మి భార్య వేలు కాల్చాడు. మామగారు కోడలి కాళ్ల దగ్గర కూర్చోవడం ఏ దేశపు శాస్త్రమూ ఒప్పుకోదు. ఇక మిగిలింది సామ్రాజ్యం.

ఆ అత్తాకోడళ్లకు మాటల్లేవు. పెళ్లయిన కొత్తలో, వడ్డనలో ఏదో పొరపాటుకు, "తల్లి లేని పిల్ల, నేర్పేదెవరు?" అని సామ్రాజ్యం పదిమందిలో అంది. నాటి నుంచి సంభాషణ గిన్నెల చప్పుడుతోనే సాగుతోంది.

ఆమె చాప మీద కూర్చోగానే కోడలు చంద్రకళ పాదాలు చీరలోకి లాక్కుంది.

"వద్దండి. రేపు దీన్ని కూడా దెప్పుతారు."

"దెప్పుతాను. ముందు కాళ్లు చాపు."

"పెద్దవాళ్ల ముందు కాళ్లు చాపకూడదని రేపల్లెలో మా నాన్న నేర్పాడండి. నేర్పేవాళ్లు లేరనుకున్నారేమో!"

సామ్రాజ్యం ఆ పాదాలను తానే పట్టి ఒళ్లోకి తీసుకుంది.

పొగ మెల్లగా లేచింది. వాన వెలిసిన పచ్చని వెలుతురులో అది గది నిండా పాకి, గోడలను కరిగించి, చాపను పడవలా తేల్చింది. ఎక్కడో రైలు కూత నీళ్లలోంచి వచ్చినట్టు వినిపించింది. ప్రతి సాయంత్రం ఆ పడవలో ఇద్దరే. కోడలివి ఇంత చిన్న పాదాలని సామ్రాజ్యానికి అంతవరకు తెలియదు. మడమలు పగిలి ఉన్నాయి. పగిలినచోట వెన్న రాసింది.

"మా అమ్మ పోయాక నా కాళ్లు ఎవరూ ముట్టుకోలేదండి" అంది చంద్రకళ ఒకనాడు.

"ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది" అంది సామ్రాజ్యం.

"కళ్లు తుడుచుకుంటున్నారేంటి అత్తయ్యా?"

"పొగే. మరి నీ కళ్లకేమైంది?"

"నాకూ పొగేనండి."

చీనా శాస్త్రాన్ని బిడ్డ బొత్తిగా లక్ష్యపెట్టలేదు. డాక్టరమ్మకు చెమటలు పట్టించి, కాళ్లు ముందుపెట్టి, ఆడపిల్ల క్షేమంగా భూమ్మీదికి దిగింది. తల్లీ క్షేమమే. అన్ని సాయంత్రాలు వంగి కూర్చున్నందుకు సామ్రాజ్యం నడుము మాత్రం పట్టేసింది.

పురిటిస్నానమైన మర్నాడు చంద్రకళ బిడ్డనెత్తుకొచ్చింది. "బోర్లా పడుకోండత్తయ్యా. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల కాలు తగిలితే నడుంపట్టు వదులుతుందండి. రేపల్లెలో అందరూ అంటారు."

"ఇదేం శాస్త్రం?" అన్నాడు వెంకటప్పయ్య.

"మీరూరుకోండి" అంది సామ్రాజ్యం.

వెన్నముద్దల్లాంటి రెండు పాదాలు ఆమె నడుము మీద ఆనాయి. వాటిని పట్టుకున్న కోడలి చేతులూ ఆనాయి. సామ్రాజ్యం కళ్లు మూసుకుంది. రెప్పల కింద ఆ పడవ మళ్లీ కదిలింది, ఈసారి ముగ్గురు.

"ఎలా ఉందత్తయ్యా?"

"పోయిందే తల్లీ, మొత్తం పోయింది" అంది, తలగడ తడుపుతూ.

నొప్పి ఏమాత్రం తగ్గలేదు.