అబూ నాసర్ స్పీకర్లకు సంబంధం

దోహాలో మదీనత్ ఖలీఫా పేటలో అబూ నాసర్ గారి మజ్లిస్‌కి, అంటే అతిథుల హాలుకి, రెండు స్పీకర్లు వచ్చాయి. మనిషెత్తున్నాయి. ఇటలీ నుంచి విమానంలో దిగాయి. చెక్క ఎంత నున్నగా ఉందంటే అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఒక్కటే లోటు, వాటిని పలికించే యాంప్లిఫయర్ లేదు. వరల్డ్ కప్ దగ్గర పడుతోంది. దోహాలో ప్రతి స్తంభానికీ జెండా వచ్చింది, ప్రతి రోడ్డుకీ డైవర్షన్ వచ్చింది, అబూ నాసర్ స్పీకర్లకు మాత్రం సంబంధం కుదరలేదు.

ఇంతకీ ఆయన వినబోయేది సంగీతం కాదు, ఫుట్‌బాల్ కామెంటరీ. గోల్ పడగానే అరబిక్‌లో ఒకాయన గొంతు చించుకుంటాడే, ఆ అరుపు మజ్లిస్‌లో కూర్చున్నవాళ్లందరికీ, ముఖ్యంగా బావమరిదికి, గుండెలో తగలాలి. బావమరిది ఇంట్లో టీవీ వీళ్లదానికంటే పెద్దది. అదీ అసలు సంగతి.

ఆ రోజు గేటు ముందు రెండు పికప్ బండ్లు ఒకేసారి ఆగాయి. ఒకదాంట్లోంచి మారుతి దిగాడు. జగిత్యాల కుర్రాడు, అల్ రయ్యాన్‌లో ఒక ఆడియో కంపెనీలో సేల్స్‌మన్, కొత్తగా చేరాడు. రెండోదాంట్లోంచి సునంద దిగింది. ఆర్మూరు పిల్ల. అల్ వక్రాలో అక్కాబావల దగ్గర ఉంటూ మరో ఆడియో కంపెనీలో అదే ఉద్యోగం చేస్తోంది. ఇద్దరి వెనకా చెరో యాంప్లిఫయర్.

"ఎవరి మొఖం చూసి లేసిన్నో, ఇది తయారైంది పోటీకి," అని మారుతి గొణిగాడు. తెలుగులో గొణిగితే దోహాలో ఎవరికీ తెలియదన్న ధైర్యం చాలామందిని ముంచింది.

"ఇది కాదు, సునంద," అందామె. "జరుగు, నా బండి లోపలికి పోవాలె."

లోపల అహ్మద్ అలీ గహ్వా, అంటే చేదు అరబ్బీ కాఫీ, పోశాడు. అహ్మద్ అలీ నిజామాబాద్ మనిషి. అబూ నాసర్‌కు డ్రైవరు, అతిథులొస్తే గహ్వా పోసేదీ అతనే, ఎవరి ఇంటి సంగతి ఎవరికి చేరాలన్నా అతని నోటి మీదుగానే. చిన్న కప్పు మారుతి తాగాడు. మళ్లీ పోశాడు. ఇచ్చింది వద్దనడం మర్యాద కాదని పెరిగిన పిల్లాడు, మళ్లీ తాగాడు. మళ్లీ పోశాడు. ఆ చేదుకు మారుతి కళ్లలో నీళ్లు తిరిగాయి.

సునంద కాసేపు వినోదం చూసింది. చివరికి జాలిపడింది.

"కప్పు ఊపు."

"ఏంది?"

"చేతిల కప్పు అటిటు ఊపు. చాలని చెప్పినట్టు. ఊపకుంటే పోస్తనే ఉంటడు."

"ముందుగాలనే చెప్పొచ్చు గద!"

"పోటీకొచ్చినదాన్ని. నేనెందుకు చెప్త?"

అబూ నాసర్ ఆ రోజు ఏమీ తేల్చలేదు. తరువాతి గురువారం రమ్మన్నాడు. ఆ గురువారం ఇంకో గురువారానికి వాయిదా వేశాడు. పిల్లకు సంబంధం చూసే తండ్రి కూడా అన్ని వంకలు పెట్టడు. మారుతి తెచ్చింది వాల్వుల యాంప్లిఫయర్. గాజు గొట్టాలు ఎర్రగా వెలుగుతాయి, మనిషి గొంతు ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టు వినిపిస్తుంది. సునంద తెచ్చింది ట్రాన్సిస్టర్లది. నలుగురు పట్టి లేపాలి, డప్పు కొడితే కుర్చీ అదురుతుంది.

"దీపావళి ఇంకా రాలే, అప్పుడే దీపాలు పెట్టినవా?" అనేది సునంద.

"నీ బీరువాల బట్టలు పెట్టుకుంటరా, పాటలు వింటరా?" అనేవాడు మారుతి.

ఇంకో సంగతి ఉంది. ఆ స్పీకర్ల వెనక వైర్లు తగిలించే టెర్మినళ్లు రెండు జతలున్నాయి. అంటే మోతకు ఒక యాంప్లిఫయర్, గొంతుకు ఇంకొకటి వేరుగా తగిలించవచ్చు. ఇద్దరూ మొదటి రోజే చూశారు. ఇద్దరూ నోరు మూసుకున్నారు. పక్క కంపెనీ సరుకు కూడా కొనండని కస్టమరుకు చెప్పే సేల్స్‌మన్ ఇంకా పుట్టలేదు.

ప్రేమకథ అన్నాక ఎక్కడో ఒకచోట వాన పడాలి. సెప్టెంబరులో దోహాలో వాన అంటే ఏసీ పైపు నుంచి కారే నీళ్లే. అబూ నాసర్ నమాజుకు వెళ్లినప్పుడు ఇద్దరూ గోడ నీడలో నిలబడ్డారు. పైపు నీళ్లు సరిగ్గా సునంద తల మీద పడ్డాయి. మారుతి యాంప్లిఫయర్ అట్టపెట్టె విప్పి ఆమె తల మీద గొడుగులా పట్టాడు. దాని మీద 'గాజు సామాను, జాగ్రత్త' అని ఇంగ్లీషులో ఉంది.

అప్పుడే సునందకు ఊరి నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లమ్మ బాలవ్వ గొంతు అట్ట కింద ఇద్దరికీ వినపడింది.

"దుబాయ్‌లనే ఉన్నవ్ గదనే! మల్ల దుబాయ్‌కి పోవుడేందే?"

ఊళ్లో వాళ్లకు గల్ఫ్ అంతా దుబాయే. సునంద నవ్వి ఫోన్ పెట్టేసింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"ఈ ఆర్డర్ రాకుంటే నన్ను దోహాల ఉంచరట. దుబాయ్ షోరూమ్‌కు పంపుతరట. ఇన్నేండ్లకు ఇదొక్కటి సొంత ఊరు లెక్క అనిపించింది."

ఈ ఆర్డర్ రాకపోతే వీసా రెన్యువల్ లేదని మారుతికి అతని మేనేజరు పొద్దునే చెప్పాడు. ఆ మాట సునందకు చెప్పలేదు. చెబితే జాలి అడుక్కున్నట్టుంటుందని. ఆడపిల్ల తల మీద అట్ట పట్టుకుని చెయ్యి లాగుతున్నా దించని వాడికి అదొక పౌరుషం. ఆ క్షణానే అతనికి తెలిసిపోయింది, గెలిచినా ఓడినా ఈ పిల్ల కనపడకుండా పోతుందని, అది తట్టుకోవడం తన వల్ల కాదని.

చివరి గురువారం అబూ నాసర్ కొత్త పరీక్ష పెట్టాడు. రెండు యాంప్లిఫయర్లకూ అడ్డంగా దుప్పటి కట్టించాడు. వెనక అహ్మద్ అలీ వైర్లు మారుస్తాడు. ఏది బాగుందో సేల్స్ వాళ్లే చెప్పాలి.

"వల్లా, ఒట్టేసి నిజం చెప్పాలి," అన్నాడు.

మొదటిది పాడింది. గొంతు తేనెలా వచ్చింది. మారుతి తనదాన్ని గుర్తుపట్టాడు. రెండోది పాడింది. డప్పు పడ్డ చోటే ఆగింది, నేల అదిరింది. అది సునందదని అతనికి తెలియనిది కాదు. గుండె గట్టి చేసుకున్నాడు.

"రెండోది," అన్నాడు.

"మొదటిది," అంది సునంద, అతని మాట పూర్తి కాకముందే.

అహ్మద్ అలీ దుప్పటి లాగాడు. అబూ నాసర్ ఇటు చూశాడు, అటు చూశాడు. తన సరుకు బాగోలేదని చెప్పే వ్యాపారి ఒకడు కనపడితే వింత. ఒకేసారి ఇద్దరు కనపడితే మోసం.

"మాఫీ, బేరం లేదు! రెండూ వద్దు. యల్లా, తీసుకుపొండి!"

మారుతి సునంద వైపు తిరిగాడు. "నీకు చెవులున్నయా? నీదాన్ని నువ్వే గుర్తుపట్టలేవా?"

"నువ్వు పట్టినవా?"

"పట్టిన. పట్టే చెప్పిన. నువ్వు దుబాయ్ పోవద్దని!"

"నేనూ పట్టే చెప్పిన. నీ వీసా సంగతి అహ్మద్ భాయ్ చెప్పిండు. నువ్వు ఇంటికి పోయినంక నేను ఈడుండి ఏం చేయాలె? ఎవని తలకాయ తినాలె?"

ఇంత చెప్పుకున్నాక కూడా మళ్లీ పోట్లాటే.

"నీ బల్బుల డబ్బాకు గొంతు మంచిగుంటది, నా బీరువాకు మోత మంచిగుంటది. నేనేం అబద్ధం చెప్పిన?" అంది సునంద, ముక్కు తుడుచుకుంటూ.

"స్పీకర్ల ఎనక రెండు జతలున్నయ్ గద," అన్నాడు మారుతి నెమ్మదిగా.

"మొదటి దినమే చూసిన."

"మరి చెప్పకపోతివి?"

"నువ్వెందుకు చెప్పలే?"

అబూ నాసర్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. అహ్మద్ అలీ వైపు చూశాడు. అహ్మద్ అలీ గొంతు సవరించుకుని అరబిక్‌లో మొదలుపెట్టాడు. వాళ్ల పోట్లాటకంటే అతని తర్జుమా చాలా పొడుగుంది. మధ్యలో ఒకసారి చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు, ఒకసారి పైకప్పు వైపు చూపించాడు. అబూ నాసర్ ముఖం విప్పారింది.

"తగిలించండి రెండూ!" అన్నాడు.

ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని కింద సునందది, పైన మారుతిది తగిలించారు. రెంటి జోరూ సమానం చేయడానికి చాలాసేపు పట్టింది. వేళ్లు తగిలినప్పుడల్లా ఇద్దరూ సారీ చెప్పుకున్నారు, తీయలేదు. తరువాత పాత మ్యాచ్ పెట్టారు. గోల్ పడింది. కామెంటరీ ఆయన మజ్లిస్ మధ్యలో నిలబడి అరిచాడు, జనం హోరుకు పళ్లెంలో ఖర్జూరాలు కదిలాయి. అబూ నాసర్ కళ్లు చెమర్చాయి. వెంటనే బావమరిదికి ఫోన్ చేసి, హలో అనకుండా ఫోన్‌ను స్పీకరు ముందు పెట్టాడు.

ఆర్డరు చెరి సగం అన్నాడు. ఒక షరతు పెట్టాడు. వరల్డ్ కప్ అయ్యేదాకా వీటిని చూసుకోవడానికి వీళ్లిద్దరే రావాలి, కలిసే రావాలి. ఏ కంపెనీ మనిషిని మార్చినా ఆ ఆర్డరు మాఫీ. ఆ పైన ఇద్దరికీ "మబ్రూక్" చెప్పాడు. శుభాకాంక్షలు యాంప్లిఫయర్లకని మారుతి అనుకున్నాడు.

"అహ్మద్ భాయ్, ఆయనకేం చెప్పినవ్?" అని అడిగాడు.

"నువ్వు చెప్పినవే చెప్పిన భయ్యా. నువ్వు చెప్పలేక మింగినయి గూడ కలిపి చెప్పిన. నిఖా కోసం ఆగిన్రు, వరల్డ్ కప్ కాంగనే ఇంటికి పోయి పెద్దోళ్లను అడుగుతరని చెప్పిన."

మారుతి సునంద వైపు చూడటానికి భయపడ్డాడు.

"అబద్ధం చెప్పినవ్ అహ్మద్ భాయ్," అంది సునంద. "వరల్డ్ కప్ దాక ఎందుకు ఆగాలె? మా అమ్మకు ఫోన్ ఉంది గద."

అహ్మద్ అలీ గహ్వా తెచ్చాడు. మారుతి తాగాడు. పోశాడు. తాగాడు. పోశాడు.

"కప్పు ఊపుడు నేర్పిన గద," అంది సునంద.

"ఊపితే లేసి పోవాలె గద," అన్నాడు మారుతి.

సునంద తన కప్పు వైపు చూసుకుంది. అది ఖాళీగా ఉంది. ఊపకుండా అహ్మద్ అలీ ముందుకు చాపింది.