లోపలి నుంచి ఆరిన సున్నం

చనిపోయినవాళ్ల పండగ వెళ్లి వారమైంది. సమాధుల గోడ కింద చామంతులు కుళ్లి, చేదు వాసన కొడుతున్నాయి. దిర్చె ముసలమ్మ వాననీళ్లలో ముంచిన గుడ్డతో కూతురి బొమ్మ తుడుస్తోంది. దానికి కుళాయి నీళ్లు తగలనివ్వదు. ఇంకొకరి చెయ్యీ తగలనివ్వదు.

బొమ్మంటే రాళ్లబొమ్మ. ఏటి గులకరాళ్లూ రంగు గాజుముక్కలూ కలిపి మొగుడు ఎర్మెస్ చేసింది. ఎర్ర గౌను, చంకలో బాతు, నవ్వుతున్న అల్బా. పుట్టినరోజుకి వాకిట్లో పెడదామని, రాళ్లన్నీ కాగితానికి బోర్లా అంటించి సిద్ధంగా ఉంచాడు. ఈలోపు పిల్ల గొంతు పూడిపోయే కంఠసర్పితో పోయింది. చచ్చినవాళ్లని ఒక రాత్రి ఇంట్లో ఉంచి, దీపం పెట్టి, జపమాల తిప్పుతూ జాగారం చేశాకే సాగనంపడం ఆ ఏటి ఒడ్డు ఊళ్ల ఆనవాయితీ. అంటురోగమని డాక్టరు పొద్దుగూకేలోగా మూసెయ్యమన్నాడు.

"ఒక్క రాత్రి ఉంచండి" అని దిర్చె కాళ్లు పట్టుకుంది. ఎర్మెస్ వినలేదు. పెట్టెని గోడలోని గూట్లోకి తోశాడు. ఇటుకలు పేర్చాడు. పైన సున్నపు మాలు మెత్తి, ఆ బొమ్మనే తెచ్చి అదిమాడు. తర్వాత ముప్పై ఏళ్లు అదే కప్పు కింద బతికి కన్నుమూశాడు గానీ, దిర్చె అతనితో ఆడిన మాటలన్నీ పోగేస్తే దోసెడు కావు.

ఇప్పుడు గోడ ఉబ్బింది. గూళ్లు విప్పి ఎముకలన్నీ ఒకే గోతిలో వేస్తామని మున్సిపాలిటీవాళ్లు చాటించారు. మాలు గట్టిగా ఉన్న పాత బొమ్మల్ని మాత్రం కదపరట. అది తేల్చడానికే ఊదినె పట్నం నుంచి నీవెస్ అనే పిల్ల మందుల పెట్టె పట్టుకుని వచ్చింది.

వెనకాలే శ్మశానం కాపరి ఉల్దెరీకో. ఎర్మెస్ తమ్ముడు.

"ఏం వదినా, ఇవాళైనా పలకరిస్తావా?"

"నీ బూట్ల నిండా బురద. అవతల నిలబడు."

"చచ్చినోళ్లే ఏమీ అనట్లేదు, నీకేంటి?"

"వాళ్లకి ఓపిక ఎక్కువ."

నీవెస్ బాతు కాళ్ల కింద, రాళ్లు లేనిచోట, ఇటుకల సందు గుండా గూటిదాకా బరమాతో తొలిచి, వేలంత లావు సున్నపు కడ్డీ బయటికి తీసింది.

"చూడండి పెద్దమ్మగారూ. సున్నం గాలి పీల్చుకుంటూ రాయవుతుంది. ఇంకా పీల్చుకోని పచ్చి సున్నానికి ఈ మందు తగిలితే గులాబీ రంగొస్తుంది. గట్టిపడ్డది తెల్లగానే ఉంటుంది. ఇన్నేళ్ల మాలు కదా, ముందువైపు తప్పకుండా తెలుపే."

చుక్కలు వేసింది. ముందువైపు కొస గులాబీ రంగుకి తిరిగింది. పచ్చి నెత్తురు నీళ్లలో కలిసినట్టు. గూటివైపు కొస పన్నులా తెల్లగా ఉంది.

"కడ్డీ తిరగేసి పట్టుకున్నావేమో," అంది దిర్చె.

నీవెస్ ఇంకొకటి తీసింది. అదీ అంతే.

"మా అన్న బొమ్మలు అతికించేదే బోర్లా. మాలు కూడా అంతే కాబోలు!" అన్నాడు ఉల్దెరీకో.

"ఇది బయటి నుంచి ఆరలేదు," నీవెస్ గొంతు తగ్గింది. "లోపలి నుంచి ఆరింది."

"లోపల గాలెక్కడిది?"

"పెట్టె చుట్టూ ఉన్న కాస్త గాలీ చాలదు. ఇంత గట్టిపడాలంటే..."

"నీళ్లు నమలకు. చెప్పు."

"ఊపిరి తగులుతూ ఉండాలి పెద్దమ్మగారూ. ఏళ్ల తరబడి."

ఉల్దెరీకో టోపీ తీశాడు. "వదినా... అన్న రోజూ సాయంత్రం ఈ గోడకి చెవి ఆనించి నిలబడేవాడు. ఏంటని అడిగితే, మాలు పగులుతోందేమో వింటున్నా అనేవాడు."

"చూశాను," అంది దిర్చె. "తన పనితనం చూసుకుని మురుస్తున్నాడనుకున్నాను."

చిల్లు పూడ్చే ముద్ద కోసం నీవెస్ కారు దగ్గరికెళ్లింది. ఉల్దెరీకో గేటు వెయ్యడానికి పోయాడు. ఏటి వైపు నుంచి మంచు పాకుతూ వచ్చింది. కాకుల అరుపులు ఆగాయి. చామంతుల వాసన పోయి, ఆ చోట ఇంకేదో... వెనిగర్. జ్వరంలో అల్బా మెడకి చుట్టిన గుడ్డ వాసన.

దిర్చె చెంపకి వెచ్చగా తగిలింది.

చిల్లులోంచి.

ఆగింది... మళ్లీ తగిలింది. ప్రతి ఊపిరి చివరా సన్నటి గురక. గొంతు మూసుకుపోయిన పిల్ల గురక.

"అల్బా?"

ఊపిరి ఆగిపోయింది. లోపల ఎవరో వింటున్నారు...

దిర్చె వేలు చిల్లులో పెట్టింది. తడి. చల్లటి తడి. ఇంకా లోపలికి... వేలికొసని చిన్న వేళ్లు తాకాయి. ఒకటి. ఇంకొకటి. తర్వాత అన్నీ కలిసి బిగించి పట్టుకున్నాయి.

నీవెస్ తిరిగొచ్చింది. "చీకటి పడుతోంది, చెయ్యి తియ్యండి. పూడ్చాలి."

"తియ్యను."

"ఇరుక్కుందా?"

"పట్టుకుంది," గుసగుసగా అంది దిర్చె. తర్వాత గేటు వైపు తిరిగి గొంతెత్తింది. "ఉల్దెరీకో! కుర్చీ తే. దీపం తే. ఆ బూట్లతోనే రా, ఫరవాలేదు."

పిల్ల పోయాక అతన్ని పేరుపెట్టి పిలవడం అదే మొదలు. ముగ్గురూ కూర్చున్నారు. అల్బాకి జరగని జాగారం ఆ రాత్రి జరిగింది.

తెల్లవారుతుండగా పట్టు సడలింది. నిద్రలోకి జారే పిల్ల చెయ్యి సడలినట్టు, ఒక్కో వేలూ. దిర్చె తన వేలు బయటికి తీసుకుంది. దానికంటిన సున్నం తుడుచుకోలేదు.

నీవెస్ మూడో కడ్డీ తీసింది. చుక్కలు వేసింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా తెలుపే.

"గట్టిగా ఉంది పెద్దమ్మగారూ. ఇక దీన్నెవరూ కదపరు."

కోరుకున్నది దక్కింది. దిర్చె చెంప చిల్లుకి ఆనించింది. లోపల ఏమీ లేదు. చల్లటి చీకటి, అంతే. అన్నేళ్లు తన కోసం కాచుకున్న ఊపిరి, తను తోడు కూర్చున్న రాత్రే ఆగిపోయింది. ముసలమ్మ అప్పుడు ఏడ్చింది. పిల్ల పోయిన రోజున కూడా అలా ఏడవలేదు.

కాసేపాగి నీవెస్ పక్క గూటికి బరమా పెట్టింది.

"ఇదెవరిది?"

"నాదే," అంది దిర్చె. "నేను పోయాక నాకని ఎర్మెస్ కట్టి మూసిపెట్టాడు. ఖాళీది."

కడ్డీ బయటికొచ్చింది. చుక్కలు పడ్డాయి. ముందువైపు గులాబీ. గూటివైపు తెలుపు.

నీవెస్ దాన్ని చేతిలోంచి జారవిడిచింది.

తెల్ల కొస వెచ్చగా ఉంది.