బయటికి వచ్చినట్టు సంతకం

మొదటిరోజే గొడవ.

"రిజిస్టర్లో వయసెందుకండీ?" అందామె.

"రూలండీ. పులి అడిగితే చెప్పాలిగా," అన్నాడు గేటు గుమాస్తా.

"ముసలిదాన్నని రాసుకోండి. వదిలేస్తుంది."

సంతకం గీసి పారేసి, కాగితాల చుట్టలూ సిరా డబ్బా భుజాన వేసుకుని అడవిలోకి వెళ్ళిపోయింది. కొండమీద బౌద్ధ గుహల్లో చెక్కిన అక్షరాలకు తడి కాగితం అద్ది, సిరా పూసి అచ్చులు తీయడం ఆమె పని. ఐదింటికి, గేటు మూసే వేళకి, మోచేతుల దాకా నల్లగా దిగి వచ్చేది. ఆ చేతులతో పెన్ను పట్టుకుంటే రిజిస్టరు గతి అధోగతే. అందుకని బయటికి వచ్చినట్టు సంతకం గుమాస్తాయే పెట్టేవాడు. పదకొండు రోజుల్లో అది ఆమెకంటే అతనికే బాగా వచ్చేసింది.

పన్నెండోరోజు మధ్యాహ్నం మూడింటికే పెట్టేశాడు.

ఐదింటికి రేంజరు రిజిస్టరు చూశాడు. లోపలికి ముప్ఫై ఒకరు, బయటికి ముప్ఫై ఒకరు. గేటుకి తాళం వేశాడు. గుమాస్తా నోరు తెరిచాడు. రేంజరు మీసం చూసి, తెరిచిన నోటితో ఆవలించి ఊరుకున్నాడు. రెండు నిమిషాల్లో వచ్చేస్తుందిలే!

జీపు వెళ్ళిపోయింది. వాన మొదలైంది. ఐదూ ఇరవై. స్టాండులో ఆమె స్కూటరు ఒక్కటే తడుస్తోంది.

గుహల గురించి సందర్శకులకు రెండేళ్ళుగా గడగడా చెబుతున్నాడే గానీ, గుమాస్తా గేటు దాటి పదడుగులు వేసిన పాపాన పోలేదు. టార్చి పట్టుకుని కంచె సందులోంచి దూరాడు. ఆకు కదిలితే ఆగాడు. కదలకపోతే ఎందుకు కదల్లేదా అని ఆగాడు. దారిలో ఒక ఉడుత ఎదురైతే పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

"మేడమ్!" అని అరిచాడు. వాన తప్ప ఎవరూ పలకలేదు.

కూలిన ఇటుకల స్తూపం దగ్గర, మెట్లమీద ఒక కాగితాల చుట్ట పడి ఉంది. అందులోంచి సిరా నల్లగా కారి బురదలో కలుస్తోంది. ఆ పై మెట్టుమీద పాదం జారిన గీత.

టార్చి చంకలో ఇరికించుకున్నాడు. ఫోను తీశాడు. ఇక్కడిదాకానే సిగ్నలు.

"సార్, లెక్క తప్పు. ఒకళ్ళు లోపలే ఉన్నారు. సంతకం నేనే పెట్టా."

"ఏమన్నావ్?"

"ఉద్యోగం తర్వాత తీసేద్దురుగాని సార్. ముందు తాడూ, మనుషుల్నీ తీసుకురండి."

భిక్షువులు భయాన్ని వదిలేయడానికి ఆ కొండెక్కారట. వాళ్ళు వదిలేసిందంతా మెట్టు మెట్టుకీ ఏరుకుంటూ గుమాస్తా ఎక్కాడు.

మొదటి గుహలో గబ్బిలాలు. రెండోది ఖాళీ. మూడో దాంట్లో చీకటి.

"ఎవరది?" సన్నని గొంతు.

రాతి మంచంమీద ముడుచుకుని కూర్చుంది. చీలమండ బూరెలా ఉబ్బింది.

"గేటు గుమాస్తానండీ."

"మెట్లమీద జారి, పాక్కుంటూ ఇక్కడికొచ్చా. ఐదు దాటగానే రిజిస్టరు చూస్తారు, నేను రాలేదని తెలుస్తుంది, వచ్చేస్తారు అనుకుంటూ కూర్చున్నా. నిమిషాలు లెక్కపెట్టా. ఎవరూ రాలేదేంటండీ?"

వాన వల్ల అనొచ్చు. సాక్ష్యం చెప్పడానికి సిద్ధమన్నట్టు మేఘం ఉరిమింది కూడా.

"మీరు వచ్చేసినట్టు మూడింటికే సంతకం పెట్టేశానండీ."

ఆమె ఉబ్బిన చీలమండకేసి చూసుకుంది.

"చచ్చిపోయేదాన్ని."

"అవునండీ."

"మూడింటికే ఎందుకు?"

"ఐదింటిదాకా ఆగలేకపోయా. మీ పేరు రాస్తుంటే, మీరు వచ్చేసినట్టే ఉండేది."

సిరా గుడ్డ వచ్చి అతని మొహానికి తగిలింది. "మనిషిని అడవిలో మర్చిపోయి, పైగా ప్రేమా!"

అంది గానీ, సిరా అంటిన నల్లచెయ్యి అతని చొక్కా చేతిని గట్టిగా పట్టుకుంది. చొక్కామీద ఐదు వేళ్ళూ నల్లగా అచ్చుపడ్డాయి.

కింద టార్చీలు కదిలాయి. "ఒరేయ్!" రేంజరు కేక. "పైన ఎంతమంది? ఈసారైనా సరిగ్గా చెప్పి చావు!"

గుమాస్తా నోరు తెరిచేలోపే, ఆమె పట్టు వదలకుండానే గుహ బయటికి అరిచింది.

"ఇద్దరం సార్! ఇతన్ని ముందు నేను తిట్టాలి. మీరు మెల్లగా రండి!"