ఆరు వందల తలల్లో మాణిక్యమ్మ

తెర మీద మాణిక్యమ్మ ముఖం మళ్లీ వచ్చింది. ఆ ఉదయం అది ఏడోసారి.

కుర్చీలో కూర్చున్నది బ్యాంకు మేనేజరు. తలకి హెల్మెట్ లాంటి టోపీ, దాని వెనక జడ లావున తీగలు. "మీ ముందు క్యూలో పదిమంది ఉన్నారు. మీకు తొందరగా ఉంది. మిమ్మల్ని ఎవరూ గమనించడం లేదు. ముందుకి దూరండి" అని స్పీకరు చెప్పింది. మేనేజరు మనసులోనే ఒక అడుగు వేశాడు, వేసి ఆగిపోయాడు. ఆగిన ఆ క్షణాన్నే కంప్యూటర్ పట్టుకుంది. తెర మీద నాలుగు ముఖాలు తేలాయి. వాళ్ల నాన్న, ఒక లెక్కల మేష్టారు, ఎవరో మేనత్త. నాలుగోది కనుబొమల నిండా పిండి పడి, కళ్లు చికిలించి చూస్తున్న ఆడమనిషి.

"అమ్మో, పిండిమర మాణిక్యమ్మ!" అన్నారెవరో. కమ్యూనిటీ హాలంతా వెనక్కి తిరిగింది. చివరి వరసలో కూర్చున్న అసలు మాణిక్యమ్మ, డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి, పమిట భుజం చుట్టూ కప్పుకుని కిటికీలోంచి బయటికి చూసింది.

ఆ మిషన్ సంగతి కాస్త చెప్పుకోవాలి. 'నలుగురూ ఏమనుకుంటారు' అని మనం రోజుకి పదిసార్లు అంటాం. ఆ నలుగురూ ఎవరయ్యా అని మాత్రం ఎవరమూ అడగలేదు. డాక్టర్ ఎస్తేర్ కరుణ అడిగింది. ఆవిడదీ ఈ ఊరే, నడిగడ్డపాలెం. చదివింది మెదడు గురించి. తప్పు చెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంటాం చూడండి, ఆ క్షణంలో మెదడులో ఒక మూల కొన్ని న్యూరాన్లు వెలుగుతాయి. ఆ సిగ్గునో భయాన్నో చిన్నప్పుడు ఎవరి ముఖం చూసి నేర్చుకున్నామో, ఆ ముఖం దాగి ఉండేది వాటిలోనే. మిషన్ వాటిని చదివి బొమ్మ గీస్తుంది. కొందరికి ముగ్గురొస్తారు, కొందరికి ఐదుగురు, ఎక్కువమందికి మాత్రం నలుగురే. ఆవిడ పెట్టిన పేరు నార్మ్ ట్రేసర్. జనం నోటికి అది తిరగలేదు, నలుగురి మిషన్ అన్నారు.

ఊళ్లో తొమ్మిది వందల మందిని కూర్చోబెడితే ఆరు వందల పైచిలుకు తలల్లో మాణిక్యమ్మ తేలింది. విగ్రహాలున్న పెద్దమనుషులు పట్టుమని పది తలల్లో కూడా లేరు. ఊరు ముక్కున వేలేసుకుంది. ఆలోచిస్తే వింతేమీ లేదు. పిండి ఇంటికే డ్రోన్ లో వస్తున్న ఈ రోజుల్లో పిల్లలకి తెలియదు గాని, ఒకప్పుడు ఊరు మొత్తానికీ ఒక్కటే పిండిమర, మాణిక్యమ్మది. పిల్లలు డబ్బాలు తెచ్చి అరుగు మీద వరసలో పెట్టి ఆడుకోవడానికి పోయేవాళ్లు. వాళ్ల బదులు డబ్బా నిలబడేది. ముందు బియ్యం, తరవాత గోధుమలు, మిరపకాయలు అన్నిటికన్నా చివర. డబ్బా ముందుకి జరపాలని పిల్లలందరికీ చేతులు దురద పెట్టేవి. లోపల్నించి మాణిక్యమ్మ కళ్లు చికిలించి చూసేది. ఒక్క మాటైనా అనేది కాదు. చాలు, డబ్బా వెనక్కి వచ్చేసేది.

ఈ సంగతి బయటపడి మూడు వారాలైంది. అప్పట్నించీ ఆవిడకి నెమ్మది లేదు. పొద్దున్నే పాలప్యాకెట్ కోసం తలుపు తీస్తే గుమ్మంలో మనుషులు. "పిన్నీ, వాటాల్లో బావి నా పేర రాయించుకుంటే తప్పా?" అని ఒకడు. "నన్నడుగుతావేం నాయనా, మీ అన్నయ్యని అడుగు" అంటే, "ఆ మాటంటారనే భయపడ్డాను" అని ఏడుస్తూ వెళ్లిపోయాడు. బెండకాయలు బేరమాడదామంటే కూరల సుబ్బులు "మీరెంతంటే అంతేనండి పిన్నిగారూ" అని తల వంచుకుంటుంది. బేరం లేకుండా కొన్న కూర మాణిక్యమ్మకి సయించడమే మానేసింది.

ఇదంతా ఎలాగో భరించేదే. కాని మధ్యలో గవర్రాజు ఉన్నాడు.

గవర్రాజు మర మోటారు బాగుచేసే మెకానిక్కు. మాణిక్యమ్మకి ఇరవై ఎనిమిదేళ్లప్పుడే భర్త పోయాడు, పిల్లల్లేరు. గవర్రాజుకి పెళ్లే కాలేదు. ముప్పై రెండేళ్ల కిందట ఒక రోజు బెల్టు ఎక్కిస్తూ, "మాణిక్యంగారూ, మీరూ ఒంటరే, నేనూ ఒంటరే. ఒక మాట అనుకోకూడదూ?" అన్నాడు. ఆవిడ గుండె ఝల్లుమంది. నోరు మాత్రం "నలుగురూ నవ్వుతారండీ" అంది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. కాని నెలనెలా వచ్చేవాడు. మర మూసేసి పదకొండేళ్లైనా, తిరగని మోటారుకి నూనె వేసి, కాఫీ తాగి వెళ్లేవాడు.

పోయిన ఆదివారం నూనె వేశాక చేతులు తుడుచుకుని చెప్పాడు. "సూర్యలంకలో సముద్రానికి దగ్గరగా రెండు గదులు కట్టించాను. శుక్రవారం పదకొండింటి బస్సుకి వెళ్తున్నాను. మీరూ వస్తే దారిలో బాపట్ల రిజిస్ట్రారాఫీసులో కాయితం పెడదాం. రాకపోతే ఇదే ఆఖరుసారి. ఇంక మోకాళ్లు ఒప్పుకోవడం లేదు."

ఆవిడకి వెళ్లాలని ఉంది. ముప్పై రెండేళ్లుగా ఉంది. ఇవాళ బుధవారం.

మధ్యాహ్నం భోజనాలకి హాలు ఖాళీ అయ్యాక మాణిక్యమ్మ ఎస్తేర్ దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, ఆ తలల్లోంచి నన్ను తీసెయ్యి."

"తియ్యడం కుదరదు పిన్నీ. ఇది చూపిస్తుందంతే, తుడవలేదు. అయినా ఎందుకూ?"

మాణిక్యమ్మ గవర్రాజు సంగతంతా చెప్పింది. "ఇంతమంది తలల్లో కూర్చుని నేను లేచిపోతే బాగుంటుందా చెప్పు" అంది చివర్న.

ఎస్తేర్ నవ్వలేదు. "నా తలలో కూడా మీరున్నారు" అంది. "మూడో క్లాసులో నా డబ్బా రెండు డబ్బాల ముందుకి జరిపాను. మీరు చూశారు. వెంటనే వెనక్కి పెట్టేశాను. పీహెచ్‌డీలో లెక్కలు కుదరక ఒక అంకె మార్చేద్దామనుకున్నాను. అప్పుడూ మీరలాగే చూశారు. మార్చలేదు."

"నేను చూళ్లేదమ్మా."

"చూశారు పిన్నీ, నాకు బాగా గుర్తు."

"నాకప్పుడు రెండు మూరలు దాటితే అంతా మసకే. కళ్లద్దాల మీద పిండి పేరుకుపోయేది, తీసి పారేశాను. కళ్లలో పడకుండా చికిలించేదాన్ని. బల్ల దగ్గరికొచ్చి డబ్బా అందించే పిల్లల ముఖాలు తప్ప నాకేమీ కనపడేది కాదు. అరుగు మీద ఎవరు ఏ డబ్బా జరిపారో నాకెలా తెలుస్తుంది?"

ఎస్తేర్ కుర్చీ లాక్కుని కూలబడింది. ఆరు వందల మంది మర్యాద, నిజాయితీ, వరస తప్పని బుద్ధి, అంతా ఒక చూపులోంచి పుట్టిందని ఆవిడ ఢిల్లీ, జెనీవా సైన్సు పత్రికలకి రాసి పంపింది. ఇప్పుడు ఆ చూపు ఎవర్నీ చూడలేదని రాయాలి. పాపం, ముఖం పిండి కొట్టినట్టే అయింది.

"సరేగాని నన్నూ కూర్చోబెట్టు" అంది మాణిక్యమ్మ. "నా నలుగురూ ఎవరో చూడు. బతికుంటే వాళ్లనే అడిగి వెళ్తాను."

ఎవరొస్తారో ఆవిడకి తెలుసు. అత్తగారు వస్తుంది, పెద్దన్నయ్య వస్తాడు, ఎదురింటి కాంతమ్మ రాకుండా ఉండదు. టోపీ పెట్టించుకుని, స్పీకరు అక్కర్లేదంది. కళ్లు మూసుకుంది. బస్టాండు, పదకొండింటి బస్సు, కిటికీ పక్కన గవర్రాజు సంచీ తీసి చోటు చేస్తున్నాడు. ఆవిడ మెట్టు మీద కాలు పెట్టబోయింది. ఆగింది.

"ఇదేంటి?" అంది ఎస్తేర్.

తెర మీద అత్తగారు లేదు, అన్నయ్యా లేడు. నలుగురు పిల్లలు ఉన్నారు. చేతుల్లో డబ్బాలు, బల్ల మీదుగా మెడలు సాచి పైకి చూస్తున్న ముఖాలు. ఒకడికి ముందు పళ్లు లేవు. ఒకడి ముక్కు కారుతోంది. ఒక పిల్ల జారుతున్న డబ్బాని గడ్డంతో నొక్కి పట్టుకుంది. నాలుగో పిల్లకి రెండు జడలు, నీలం రిబ్బన్లు. ఆ పిల్ల ఎస్తేరే.

పెద్దవాళ్లని చూసి చిన్నవాళ్లు నేర్చుకుంటారు. ఎస్తేర్ సిద్ధాంతం మొత్తం దాని మీదే నిలబడింది. ఇప్పుడు మిషన్ తలకిందులుగా చూపిస్తోంది.

"గవర్రాజుగారు ఆ మాట అడిగిన ఏడు" అంది మాణిక్యమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా, "బల్ల దగ్గర ఎప్పుడూ మీరే. ఎంత భయంగా, ఎంత భక్తిగా చూసేవాళ్లో! ఈ పిల్లలు నన్ను చూసి బుద్ధిగా ఉంటున్నారు, నేనే అడుగు తప్పితే వీళ్లేమైపోతారు అనుకున్నాను. అందుకే వద్దన్నాను." ఆవిడ టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. "అయితే నువ్వే చెప్పమ్మా. వెళ్లనా?"

ఎస్తేర్ 'వెళ్లండి' అనబోయింది. నోట్లోంచి మాట రాలేదు. ఏది మంచో ఏది చెడో తేల్చుకోవాలంటే లోపల ఆ చికిలించిన కళ్లని అడగడం ఆవిడకి అలవాటు. ఆ కళ్లే ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఆవిడని అడుగుతున్నాయి.

"నాకు తెలియదు పిన్నీ" అంది చివరికి ఆ సైంటిస్టు, చిన్న గొంతుతో.

ఆ మాటకి మాణిక్యమ్మకి ముందు కోపం వచ్చింది, తరవాత జాలేసింది. నేనూ వాళ్ల తప్పు చూడలేదు, వాళ్లూ నా తప్పు చూడలేదు, ఇంకెవర్ని అడగాలి అనుకుంటూ ఇంటికి పోయి చీరలు సర్దుకుంది.

శుక్రవారం బస్టాండు కిటకిటలాడుతోంది. డ్రైవర్ అక్కర్లేని బస్సు కూడా ఆలస్యమేనని బోర్డు చెబుతోంది. సంచీ పట్టుకుని మాణిక్యమ్మ నడిచొచ్చి, అందరూ చూస్తుండగా గవర్రాజు పక్కన నిలబడింది. నవ్వు ఎటువైపు నుంచి మొదలవుతుందా అని చూసింది.

"ఎక్కడికండి పిన్నిగారూ?" అంది పొరుగూరి సంతకి బయల్దేరిన సుబ్బులు.

"బాపట్లకి." నలుగురికీ వినపడేలా అంది. "గవర్రాజుగారిని పెళ్లి చేసుకోవడానికి."

బస్టాండు మొత్తం ఇటు తిరిగింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాణిక్యమ్మే చేస్తోందంటే అది మంచి పనే అయ్యుంటుంది అనే భావం ఆ ముఖాల్లో మెల్లగా పరుచుకుంది.

"అలాగా, మంచిదండి" అంది సుబ్బులు. "ఎండగా ఉంది, నీళ్లు పట్టుకెళ్లండి" అని ఒకాయన సీసా అందించాడు. తరవాత అందరూ బస్సు ఆలస్యాన్ని తిట్టుకోవడంలో పడిపోయారు. అంతే, ఇంకేమీ జరగలేదు.

బస్సు ఊరు దాటింది. గవర్రాజు కిటికీ పక్క సీటు ఆవిడకిచ్చాడు. మాణిక్యమ్మ బయటికి చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఆవిడ భుజాలు కదలడం ఆయన గమనించాడు.

"ఏమైందండీ? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు" అంది మాణిక్యమ్మ. "అందుకే ఏడుస్తున్నాను."