మూడో తరగతి క్యాసెట్

ఉదయగిరి ఎస్సై వరప్రసాదం ఎదుట మాలకొండమ్మ నిలబడింది. ఆమె కూతురు పెంచలమ్మ కనిపించడం లేదు. ఎనిమిదేళ్ల పిల్ల. మూడో తరగతి. పొద్దున బడికని బయలుదేరింది. బడికి చేరలేదు.

"గుర్తులేమన్నా చెప్పమ్మా."

"ర పలకదు సార్. రైలును లైలంటాది."

1994 మార్చి. ఎండ నిప్పులు చెరుగుతోంది. పోలీసులు ఆమె ఊరి బావులన్నీ గాలించారు. జాడ లేదు.

మధ్యాహ్నం మూడింటికి వరప్రసాదం హెడ్మాస్టర్‌ను వెతుక్కుంటూ, చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే టీచర్స్ సెంటర్‌కు వెళ్లాడు. పెంచలమ్మ బడి హెడ్మాస్టర్ జనార్దనయ్య అక్కడే కూర్చుని ఉన్నాడు.

"మీ బడి పిల్ల కనపడకపోతే, మీరిక్కడ మీటింగులో ఉన్నారేంది?"

"ఈ రోజు బడికే రాలేదు సార్. నాకేం తెలుసు?"

బల్ల మీద టేప్‌రికార్డర్ ఉంది. ఆత్మకూరు నుంచి వచ్చిన రూబీ టీచర్ దాని సంగతి చెప్పింది. ప్రతి బడిలో పిల్లలు చదివేది రికార్డు చేస్తారు. వేరే బడుల టీచర్లు ఇక్కడ కలిసి విని, ఎవరు తరగతి స్థాయిని అందుకున్నారో తేలుస్తారు.

"జనార్దనయ్య సార్ పిల్లలంతా ఏ గ్రేడే. నమ్మకం కుదర్లేదు. ఈ రోజు సాయంత్రం మేమే బడికొచ్చి ఎదురుగా చదివిస్తామని నిన్న కబురు పంపినాను."

పిల్ల మాయమైందీ ఈ రోజేనని వరప్రసాదానికి తట్టింది. "ఈయన మూడో తరగతి క్యాసెట్ పెట్టండి."

క్యాసెట్‌లో జనార్దనయ్య గొంతు పన్నెండు పేర్లు ఒక్కొక్కటిగా పిలిచింది. ఒక్కొక్కరే చదివారు. ఒకటి బొంగురు గొంతు. ఒకటి సన్నం. ఒకటి ముక్కుతో. పాఠం రైలు ప్రయాణం.

"తప్పులేమన్నా కనిపించినాయా టీచర్?"

"ఎవరూ ర పలకడం లేదు సార్. ఆ ఊరి యాసేమో అనుకున్నాం."

"పిల్ల తల్లిదీ ఆ ఊరే. పొద్దున నాతో రైలనే అనింది. ఆమె కూతురొక్కతే లైలంటాది."

వరప్రసాదం జనార్దనయ్య వైపు తిరిగాడు.

"పన్నెండు పేర్లకూ గొంతు మార్చి పెంచలమ్మే చదివింది. యాడ దాచినావు?"

జనార్దనయ్య లేచి చేతులు జోడించాడు. "ఇంకొకళ్ల పేరుతో చదవనన్నాది సార్. టీచరమ్మ వస్తే చెప్పేస్తానన్నాది. నా పరువేం గావాలి? రాత్రికి వదిలేద్దామనుకున్నాను."

"యాడ?"

"బడెనక... పంపుషెడ్డు."

జీపు మర్రిపాడు రోడ్డున దుమ్ము రేపుకుంటూ పరుగెత్తింది. కానిస్టేబుల్ తాళం పగలగొట్టాడు. రేకుల షెడ్డు పొయ్యిలా కాలిపోతోంది. మూలన పిల్ల ముడుచుకుని పడి ఉంది. ఊపిరి ఆడుతోంది.

వరప్రసాదం ఒళ్లోకి తీసుకుని పెదాలకు నీళ్లు తాకించాడు. ఆమె కళ్లు తెరవలేదు. మగమనిషి చేతుల్లో బిగుసుకుపోయింది.

"తలుపెయ్యబాకండి సాల్," అంది. "చదువుతా. ఈసాలి ఎవలి మాదిలి?"